మేక్ ఇన్‌స్టాల్ తరువాత ఆ ఫైళ్ల లెక్క ఎవరిది?

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో తెలుగు చదివేవారి ఇళ్లలో తెలుగు, ఒడియా పుస్తకాలు ఒకే బీరువాలో ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవే. గిడుగు రామమూర్తి పంతులు దశాబ్దాలపాటు ఉండి సవర భాష మీద పనిచేసింది పర్లాకిమిడిలోనే. ఇటువంటి పాత అచ్చు పుస్తకాలను స్కాన్ చేసి, మాట మాటనూ వెతుక్కోగలిగే పాఠంగా మార్చాలనుకునేవారికి టెసరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. 1985, 1994 మధ్య హెచ్‌పీ ప్రయోగశాలల్లో తయారై, 2005లో సోర్స్ కోడ్‌తో సహా బయటికి వచ్చిన ఈ ప్రోగ్రాం తెలుగును, ఒడియాను రెండింటినీ గుర్తిస్తుంది. చేతిరాతకు ఇది పనికిరాదు గాని, శుభ్రంగా అచ్చయిన పేజీకి బాగానే పనికివస్తుంది.

ఇబ్బంది వెర్షన్ల దగ్గర మొదలవుతుంది. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12 అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో (ప్రోగ్రాంలన్నిటినీ కూర్చి అందించే వ్యవస్థలో) టెసరాక్ట్ 5.3.0 ఉంది. స్థిర విడుదలలో లోపాల సవరణలే తప్ప కొత్త వెర్షన్లు మధ్యలో రావు. 2024 నవంబరులో వచ్చిన 5.5.0 కావాలనుకున్నవారు, లేదా ఏ సదుపాయాలు ఉండాలో కంపైల్ సమయంలోనే తామే నిర్ణయించుకోవాలనుకున్నవారు సోర్స్ తెచ్చుకొని తమ యంత్రం మీదే కంపైల్ చేసుకుంటారు, అంటే ఆ కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చుకుంటారు. ఆ పని అందరూ భయపడేంత కష్టమైనదేమీ కాదు. అసలు కష్టం కంపైల్ ముగిసిన తరువాత, ఆరు నెలలకో ఏడాదికో ఎదురవుతుంది. ఈ వ్యాసం ఆ కష్టం గురించి.

సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేయడంలో సాధారణంగా కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అనే మూడు మెట్లుంటాయి. కాన్ఫిగర్ స్క్రిప్టు యంత్రంలో ఏ కంపైలర్ ఉంది, ఏ లైబ్రరీలు (ప్రోగ్రాంలు పంచుకొని వాడే కోడ్) ఉన్నాయి, అవి ఏ వెర్షన్‌వి అని పరీక్షించి, ఆ యంత్రానికి తగిన మేక్‌ఫైలును తయారుచేస్తుంది. టెసరాక్ట్‌కు లెప్టోనికా అనే చిత్రాల లైబ్రరీ అవసరం. అది దొరకకపోతే పని ఇక్కడే ఆగుతుంది. లెప్టోనికా యంత్రంలో ఇప్పటికే ఉన్నా సరే, కంపైల్‌కు కావలసిన వివరాలున్న హెడర్ ఫైళ్లు ఉండే ‘డెవ్’ ప్యాకేజీని విడిగా పెట్టుకోకపోతే కాన్ఫిగర్ దృష్టిలో అది లేనట్టే. మొదటిసారి చేసేవారు ఎక్కువగా తికమకపడేది దీని దగ్గరే. తరువాతి మెట్టు మేక్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ఈ పనిముట్టు ఏ ఫైలు దేనిమీద ఆధారపడి ఉందో చూసుకొని, అవసరమైనవాటినే కంపైల్ చేస్తుంది.

ఈ రెండు మెట్లలో జరిగేదంతా సోర్స్ డైరెక్టరీ లోపలే జరుగుతుంది. ఆ డైరెక్టరీని చెరిపేస్తే యంత్రం ఎప్పటిలాగే ఉంటుంది. మూడవ మెట్టు మాత్రం ఆ హద్దు దాటుతుంది. రూట్ (యంత్రం మీద సర్వాధికారం ఉన్న ఖాతా) హక్కులతో నడిచే మేక్ ఇన్‌స్టాల్ ప్రోగ్రాంను ఒకచోట, లైబ్రరీలను మరొకచోట, హెడర్లను, మాన్యువల్ పేజీలను, డేటా ఫైళ్లను ఇంకా వేరువేరు చోట్ల పెట్టి తన పని ముగించుకుంటుంది. ఏది ఎక్కడ పెట్టిందో టెర్మినల్ మీద గబగబా కదిలిపోయే వరుసల్లో తప్ప, నిలిచి ఉండేలా ఎక్కడా రాయదు.

డెబియన్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఏపీటీ ద్వారా వచ్చిన ప్యాకేజీ సంగతి వేరు. ఏపీటీ వెనుక ఇన్‌స్టాల్ పని చేసే డీపీకేజీ ప్రతి ప్యాకేజీకి ఒక జాబితా ఫైలును /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో డైరెక్టరీలో ఉంచుతుంది. ఫలానా ఫైలు ఎవరిదని అడిగితే ఆ జాబితాలు చూసి చెబుతుంది. తీసేయమంటే ఆ ఫైళ్లనే తీసేస్తుంది. ఇద్దరు ఒకే ఫైలు మీద హక్కు చెప్పుకుంటే రెండవవాడిని ఆపుతుంది. కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు పాతదానిలో ఉండి కొత్తదానిలో లేని ఫైళ్లను తొలగిస్తుంది. సోర్స్ నుంచి పెట్టినప్పుడు ఈ సేవలన్నీ ఒక్కసారిగా లేకుండా పోతాయి. కాబట్టి సోర్స్ ప్యాకేజీల నిర్వహణ అంటే ఈ సేవల్లో మనకు ఏవి కావాలి, వాటిని ఎవరిచేత చేయించుకోవాలి అని తేల్చుకోవడమే.

‘మేక్ అన్‌ఇన్‌స్టాల్ ఉంది కదా’ అని కొందరంటారు. అది ఉండటం, లేకపోవడం ఆ ప్రోగ్రాం రచయితలు ఎంచుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. ఉన్నా, అదే వెర్షన్ సోర్స్ డైరెక్టరీ, అదే కాన్ఫిగర్ ఎంపికలతో చేతిలో ఉండాలి. ఏడాది తరువాత స్థలం చాలక దాన్ని చెరిపేసినవారికి ఆ దారి మూసుకుపోతుంది. కాన్ఫిగర్‌కు బదులు సీమేక్ అనే పనిముట్టును వాడే ప్రోగ్రాంలకు అన్‌ఇన్‌స్టాల్ కమాండ్ మామూలుగా ఉండనే ఉండదు. దానికి బదులు ఇన్‌స్టాల్ చేసిన ఫైళ్ల పేర్లన్నిటినీ బిల్డ్ డైరెక్టరీలో ఒక ‘ఇన్‌స్టాల్ మానిఫెస్ట్’ ఫైలులో రాసిపెడుతుంది. ఆ ఒక్క ఫైలును భద్రపరుచుకున్నా సగం చిక్కు తీరుతుంది.

ముందుగా చోటు గురించి చెప్పుకోవాలి. కాన్ఫిగర్‌కు ఏమీ చెప్పకపోతే ఫైళ్లు /యుఎస్ఆర్/లోకల్ కిందికి వెళతాయి. ఆ ఏర్పాటు వెనుక ఒక ఒప్పందం ఉంది. /యుఎస్ఆర్ డిస్ట్రిబ్యూషన్ ఏలుబడి, /యుఎస్ఆర్/లోకల్ ఆ యంత్రాన్ని చూసుకునే మనిషి ఏలుబడి. డెబియన్ ప్యాకేజీలేవీ /యుఎస్ఆర్/లోకల్‌లో ఫైళ్లు పెట్టకూడదని డెబియన్ విధానంలోనే ఉంది. ఇటువైపు నుంచి మనం కూడా ఆ ఒప్పందాన్ని పాటించాలి. ఫైళ్లు ఏ డైరెక్టరీ కింద పడాలో కాన్ఫిగర్‌కు చెప్పే ప్రిఫిక్స్‌ను /యుఎస్ఆర్‌గా మార్చి మేక్ ఇన్‌స్టాల్ చేస్తే, ఏపీటీ పెట్టిన ఫైళ్ల మీద మన ఫైళ్లు పడతాయి. డీపీకేజీ జాబితాలో మాత్రం పాత లెక్కే ఉంటుంది. తరువాతి అప్‌డేట్ మన ఫైళ్లను మళ్లీ చెరిపేస్తుంది. ఇలా పాడైన యంత్రాన్ని బాగుచేయడం కన్నా కొత్తగా వ్యవస్థను ఎక్కించుకోవడమే చాలాసార్లు తేలికవుతుంది.

హద్దు పాటించినా రెండు చోట్లా ఒకే ప్రోగ్రాం ఉంటే వచ్చే చిక్కులు వేరు. అవి టెసరాక్ట్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. ఏపీటీ ద్వారా టెసరాక్ట్‌ను, తెలుగు, ఒడియా డేటా ప్యాకేజీలను పెట్టుకొని కొంతకాలం వాడి, ఆపైన 5.5.0ను సోర్స్ నుంచి పెట్టారనుకుందాం. మనం కొట్టిన కమాండ్లను నడిపే షెల్, ప్రోగ్రాంల కోసం వెతికే వరుసలో /యుఎస్ఆర్/లోకల్/బిన్ ముందు ఉంటుంది కాబట్టి, టెసరాక్ట్ అని కొట్టగానే కొత్తదే నడుస్తుంది. నడిచి, తెలుగు డేటా ఫైలును తెరవలేకపోయానని చెప్పి ఆగిపోతుంది. డేటా యంత్రంలోనే ఉంది. అయితే డెబియన్ ప్యాకేజీ దాన్ని /యుఎస్ఆర్/షేర్/టెసరాక్ట్-ఓసీఆర్/5/టెస్‌డేటాలో పెట్టింది. మనం కంపైల్ చేసినది /యుఎస్ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటాలో వెతుకుతోంది. ఆ చిరునామా కాన్ఫిగర్ సమయంలో ఇచ్చిన ప్రిఫిక్స్ నుంచి పుట్టి, ప్రోగ్రాం లోపలే కూర్చుంది. ప్రిఫిక్స్ అంటే ఫైళ్లు ఎక్కడ పడాలో చెప్పే మాట మాత్రమేనని చాలామంది అనుకుంటారు. ప్రోగ్రాం బతికినంతకాలం తన వస్తువులను ఎక్కడ వెతుక్కోవాలో కూడా అదే నిర్ణయిస్తుంది. అందుకే, కంపైల్ అయ్యాక ఫైళ్లను వేరే డైరెక్టరీలోకి జరిపితే కొన్ని ప్రోగ్రాంలు పనిచేయవు.

లైబ్రరీల చిక్కు ఇంతకంటే లోతైనది. టెసరాక్ట్ ప్రోగ్రాం చిన్నది. అసలు పనిమంతురాలు దాని లైబ్రరీ. మేక్ ఇన్‌స్టాల్ తరువాత, లైబ్రరీల జాబితాను తాజాపరిచే ఎల్‌డీకాన్ఫిగ్‌ను నడపకపోతే ఆ లైబ్రరీ ఎక్కడుందో లోడర్‌కు (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు దాని లైబ్రరీలను తెచ్చేదానికి) తెలియక, షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైలును తెరవలేనన్న సందేశం వస్తుంది. ఫెడోరా వంటి చోట్ల /యుఎస్ఆర్/లోకల్/లిబ్‌ను లోడర్ వెతికే జాబితాలో ముందుగా మనమే చేర్చాలి. డెబియన్‌లో అది ఇప్పటికే జాబితాలో ఉంది, పైగా వ్యవస్థ లైబ్రరీల కన్నా ముందు ఉంది. దాని పర్యవసానం గమనించదగినది. 5.3.0కు, 5.5.0కు లైబ్రరీ పేరు చివర ఉండే సంఖ్య ఒకటే, 5. కాబట్టి ఏపీటీ ద్వారా వచ్చి, టెసరాక్ట్ లైబ్రరీని వాడుకునే మరే ప్రోగ్రాం అయినా మనం ఎల్‌డీకాన్ఫిగ్ నడిపిన క్షణం నుంచి మనకు తెలియకుండానే మన లైబ్రరీని వాడటం మొదలుపెడుతుంది. మనం కంపైల్ చేసేటప్పుడు ఏదో ఒక సదుపాయం లేకుండా చేసి ఉంటే, నిన్నటిదాకా బాగా నడిచిన ఆ ప్రోగ్రాం ఇవాళ మొరాయిస్తుంది. తప్పు ఎక్కడుందో దాని ప్యాకేజీని ఎంత వెతికినా దొరకదు. అలాంటప్పుడు ఆ ప్రోగ్రాం మీద ఎల్‌డీడీ నడిపి, లైబ్రరీ ఏ దారి నుంచి వస్తోందో చూస్తే విషయం ఒక్క వరుసలో తేలుతుంది.

ఇక లెక్క ఉంచుకునే పద్ధతులకు వద్దాం. అంతా జ్ఞాపకంలోనే ఉంచుకోవడం ఒకటుంది. ఒకటి రెండు ప్యాకేజీలకు అది చాలుతుంది. ఇన్‌స్టాల్‌కు ముందు, తరువాత ఫైళ్ల జాబితా తీసి తేడా చూసుకోవడం ఇంకొకటి. దీన్ని ఫైలు మార్పు సమయాన్ని బట్టి చేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఇన్‌స్టాల్ స్క్రిప్టులు కొన్ని పాత తేదీలను అలాగే నిలుపుతూ ఫైళ్లను కాపీ చేస్తాయి, కాబట్టి ఫైలులోని విషయం మారిన సమయాన్ని చెప్పే ఎమ్‌టైమ్‌ను నమ్మలేం, ఫైలు యాజమాన్యం, అనుమతులు మారినా మారే సీటైమ్‌ను నమ్మవచ్చు. అయినా ఆ సమయంలోనే మరో ప్రోగ్రాం రాసిన ఫైళ్లు కూడా ఆ జాబితాలో చేరతాయి. చెక్‌ఇన్‌స్టాల్ అనే పనిముట్టు మేక్ ఇన్‌స్టాల్ చేసే ప్రతి ఫైలు పనినీ మధ్యలో పట్టుకొని, దాని నుంచి డెబ్ (డెబియన్ వాడేది) లేదా ఆర్‌పీఎమ్ (ఫెడోరా వంటివి వాడేది) ప్యాకేజీని తయారుచేస్తుంది. ఆలోచన మంచిదే గాని, లైబ్రరీలతో డైనమిక్‌గా లింక్ కాని ప్రోగ్రాంలు చేసే పనులు దాని కంటికి కనబడవు. దాని నిర్వహణ కూడా చాలా ఏళ్లుగా మందగించింది.

నా అభిప్రాయంలో ఒక్క యంత్రాన్ని చూసుకునేవారికి అన్నిటికన్నా తగినది గ్నూ స్టో అనే పనిముట్టు. దీని పద్ధతి సూటిగా ఉంటుంది. ప్రతి ప్యాకేజీని /యుఎస్ఆర్/లోకల్/స్టో కింద దాని పేరు, వెర్షన్‌తో ఉన్న సొంత డైరెక్టరీలో పెడతాం. టెసరాక్ట్ 5.5.0 అయితే, ఆ పేరుగల డైరెక్టరీనే కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్‌గా ఇస్తాం. మేక్ ఇన్‌స్టాల్ తరువాత దానిలో బిన్, లిబ్, ఇంక్లూడ్, షేర్ అన్నీ ఒకచోటే ఉంటాయి. అప్పుడు స్టో కమాండ్ /యుఎస్ఆర్/లోకల్ అసలు చోట్లలో వాటికి సింబాలిక్ లింకులు (అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తులు) అల్లుతుంది. ఏ ఫైలు ఎవరిదో తెలుసుకోవాలంటే లింకు ఎటు చూపుతోందో చూస్తే చాలు. తీసేయాలంటే ఒక్క డిలీట్ ఆప్షన్‌తో లింకులు పోతాయి, అసలు ఫైళ్లు అలాగే ఉంటాయి. కొత్త వెర్షన్ నచ్చకపోతే పాతదానికి మళ్లడం లింకులు మార్చినంత పని. రెండు ప్యాకేజీలు ఒకే ఫైలును కోరితే స్టో ముందే మొత్తం పరిశీలించి, ఏ లింకూ వేయకుండానే ఘర్షణ ఉందని చెబుతుంది. షేర్/ఇన్ఫోలోని ‘డిర్’ అనే సూచిక ఫైలు దగ్గర ఈ ఘర్షణ తరచుగా వస్తుంది. ప్యాకేజీ డైరెక్టరీలోని ఆ ఫైలును తీసేస్తే సరిపోతుంది.

ఇక్కడ టెసరాక్ట్ వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. తెలుగు, ఒడియా శిక్షణ డేటా సోర్స్ కోడ్‌తో రాదు; విడిగా దించుకోవాలి. వాటిని చేత్తో తీసుకెళ్లి /యుఎస్ఆర్/లోకల్ కింద ఎక్కడో పెడితే, స్టో లెక్కలో లేని ఫైళ్లు మళ్లీ తయారైనట్టే. ప్యాకేజీ సొంత డైరెక్టరీలోని షేర్/టెస్‌డేటాలోనే వాటిని పెడితే ప్రోగ్రాం నేరుగా అక్కడే వెతుక్కుంటుంది, తీసేసేటప్పుడు ప్రోగ్రాంతోపాటే అవీ పోతాయి.

ఇంకొక పద్ధతిని వివరంగా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే యునిక్స్ అనుమతుల వ్యవస్థ ఎంత శక్తివంతమైనదో అది చూపిస్తుంది. లినక్స్ వ్యవస్థనంతా సోర్స్ నుంచి కట్టుకునే లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ సాధకుల కోసం మాథియాస్ బెంక్‌మన్ వివరించిన ‘ప్యాకేజీ యూజర్’ పద్ధతి అది. ప్రతి ప్యాకేజీకి ఒక యూజర్ ఖాతాను సృష్టిస్తారు. ఆ ప్యాకేజీని ఆ యూజర్‌గానే కంపైల్ చేసి, ఆ యూజర్‌గానే ఇన్‌స్టాల్ చేస్తారు. మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు చెక్కిస్తాం. పెళ్లింటికి పది ఇళ్ల గిన్నెలు వెళ్లినా పేరు చూసి ఎవరివి వారికి తిరిగి చేరుతాయి. ఇక్కడ ఫైలు యజమాని పేరే ఆ పని చేస్తుంది. విడిగా జాబితా అక్కర్లేదు, డేటాబేస్ పాడవుతుందన్న భయం లేదు. ఫలానా యూజర్ ఫైళ్లన్నీ చూపమని ఫైండ్ కమాండ్‌ను అడిగితే అదే ప్యాకేజీ జాబితా.

ఈ పద్ధతి పనిచేయాలంటే బిన్, లిబ్ వంటి ఉమ్మడి డైరెక్టరీలను ఒక ‘ఇన్‌స్టాల్’ గ్రూపుకు రాయడానికి అనుమతిచ్చి, వాటి మీద స్టికీ బిట్ పెట్టాలి. స్టికీ బిట్ ఉన్న డైరెక్టరీలో ఎవరైనా కొత్త ఫైలు పెట్టవచ్చు గాని, ఫైలు యజమాని, డైరెక్టరీ యజమాని, రూట్ తప్ప మరొకరు దాన్ని తీసేయలేరు, పేరు మార్చలేరు. దీనితో ఒక ప్యాకేజీ మరొకదాని ఫైళ్లను చెరపడం సాధ్యం కాదు. ప్రయత్నిస్తే అనుమతి లేదన్న సందేశంతో ఇన్‌స్టాల్ ఆగుతుంది, ఆ ఘర్షణ అప్పటికప్పుడే బయటపడుతుంది. అన్నిటికన్నా పెద్ద లాభం, మేక్ ఇన్‌స్టాల్‌ను రూట్‌గా నడపనవసరం లేకపోవడం. ఎక్కడినుంచో వచ్చిన స్క్రిప్టుకు యంత్రం మీద సర్వాధికారం ఇవ్వకుండానే పని జరుగుతుంది. ఎవరు నడిపినా రూట్ హక్కులతోనే నడవవలసిన (సెట్‌యూఐడీ రూట్) ప్రోగ్రాంలను, ఎల్‌డీకాన్ఫిగ్ వంటి పనులను మాత్రం రూట్ విడిగా చేయాలి. మొత్తం వ్యవస్థను సోర్స్ నుంచి కట్టుకునేవారికి ఇది ఎంతో తగినది. డెబియన్ మీద నాలుగైదు ప్రోగ్రాంలు పెట్టుకునేవారికి ఇంత ఏర్పాటు అవసరం లేదు.

కళాశాల ప్రయోగశాలలోనో గ్రంథాలయంలోనో పది పదిహేను యంత్రాలుంటే పద్ధతి మార్చాలి. ఒకే యంత్రం మీద ప్యాకేజీని కట్టి మిగతావాటికి పంచడమే సరైన పని. దీనికి ఆధారం డెస్ట్‌డిర్ అనే ఏర్పాటు: ప్రోగ్రాం లోపల చిరునామాలు అసలు ప్రిఫిక్స్‌వే ఉంటాయి, ఫైళ్లు మాత్రం మనం చెప్పిన ఒక ఖాళీ డైరెక్టరీలో పడతాయి. ఆ డైరెక్టరీని మూటకట్టేదే ప్యాకేజీ. ఆర్చ్ లినక్స్‌లో మేక్‌ప్యాకేజీ, జెంటూలో పోర్టేజ్, స్లాక్‌వేర్‌లో స్లాక్‌బిల్డ్ స్క్రిప్టులు ఈ సూత్రం మీదే నడుస్తాయి. డెబియన్ వాడేవారైతే డిస్ట్రిబ్యూషన్ సొంత సోర్స్ ప్యాకేజీని తెచ్చుకొని, దానిలోకి కొత్త సోర్స్‌ను చేర్చి, వెర్షన్ చివర స్థానికమని తెలిసే గుర్తు పెట్టి డెబ్ ఫైలు తయారుచేసుకోవడం మంచిది. కష్టం మొదటిసారే, ఆ తరువాత లెక్కంతా డీపీకేజీ చూసుకుంటుంది.

లెక్క కుదిరినా, భద్రతా బాధ్యత మాత్రం మనదగ్గరే ఉండిపోతుంది. ఏపీటీ అప్‌గ్రేడ్ మన ప్యాకేజీలను ముట్టదు కాబట్టి, వాటిలో లోపాలు బయటపడితే మనమే తెలుసుకొని మళ్లీ కంపైల్ చేయాలి. ఈ కారణం చేతనే సీ లైబ్రరీని, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను, జెడ్‌లిబ్‌ను సోర్స్ నుంచి పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. వాటి మీద వ్యవస్థలో సగం ఆధారపడి ఉంటుంది. తెచ్చుకునే సోర్స్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) ఉదంతంలో, 5.6.0, 5.6.1 వెర్షన్లలోని దొంగదారిని ప్రాణంపోసి నడిపించే స్క్రిప్టు భాగం కోడ్ మార్పులన్నీ నమోదయ్యే గిట్ భాండాగారంలో లేదు; విడుదల చేసిన టార్ ఫైలులో మాత్రమే ఉంది. కంపైల్ మెట్లలోనే అది లైబ్రరీలోకి చొరబడింది. టార్ ఫైలు మీద సంతకం ఉన్నంతమాత్రాన సరిపోదని, ఆ సంతకం చేసినవారి చేతుల్లోనే మోసం ఉండవచ్చని అది చూపింది. అప్పటి డెబియన్ స్థిర విడుదలకు ఆ వెర్షన్లు చేరలేదు.

ఒక ప్యాకేజీని ఏ ఎంపికలతో కాన్ఫిగర్ చేశామో రాసిపెట్టుకోవడం మరువకూడదు. కాన్ఫిగ్ లాగ్ ఫైలు మొదటి వరుసల్లో ఆ కమాండ్ పూర్తిగా ఉంటుంది. సోర్స్ డైరెక్టరీని చెరిపేముందు ఆ ఒక్క ఫైలును స్టో ప్యాకేజీ పక్కన దాచుకుంటే తరువాతి వెర్షన్‌కు అదే ఆధారం.

డిస్ట్రిబ్యూషన్ మారే రోజు గురించి కూడా ముందే ఆలోచించాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో టెసరాక్ట్ 5.5.0 ఉంది, అంటే మనం కట్టుకున్నదాని అవసరం తీరిపోయింది. పైగా అది పాత లైబ్రరీల మీద ఆధారపడి ఉంటుంది: టెసరాక్ట్ శిక్షణ పనిముట్లు యూనికోడ్ పనికి వాడే ఐసీయూ లైబ్రరీ డెబియన్ 12లో 72వ వెర్షన్, 13లో 76వది. ఐసీయూ సంఖ్య మారితే పాత సంఖ్యకు లింకైన ప్రోగ్రాం నడవదు, కాబట్టి అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఏపీటీ ఆటోరిమూవ్ పాతదాన్ని తుడిచిన రోజున ఆ పనిముట్లు ఆగిపోతాయి. అందుకే అప్‌గ్రేడ్‌కు ముందే స్టో లింకులు తీసేసి, ఎల్‌డీకాన్ఫిగ్ నడిపి, టెసరాక్ట్ లైబ్రరీ ఏ దారిలో కనిపిస్తోందో ఎల్‌డీకాన్ఫిగ్ జాబితాలోనే చూసుకోవాలి. /యుఎస్ఆర్/లోకల్ పేరు అందులో ఉండకూడదు. తెరిచి ఉన్న బ్యాష్ టెర్మినల్ పాత చిరునామానే గుర్తుంచుకొని, ఫైలు లేదని మొండికేస్తే ‘హ్యాష్ -ఆర్’ అని కొడితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. ఆ తరువాత స్టో కింద మిగిలిన ప్యాకేజీ డైరెక్టరీని చెరిపేయవచ్చు.